ఇరవై చింతపిక్కలు

పదో తరగతి పరీక్షలు రాసేసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న ఎండాకాలంలో నేను మనుషుల్ని తయారుచేశాను. మొత్తం నలుగురు. వాళ్లలో ఒక్కరు కూడా నరసరావుపేటలోని మా ఇంటి వరండా దాటి ఎక్కడికీ పోలేదు. వాళ్ల కోసం నేను కష్టపడి కట్టిన రాజ్యం, ఆ రాజ్యంలో నదిని మింగి కూర్చున్న కొండ, కొండకు కాపలా కాసే రెండు తలల తొండ, అన్నీ నా రూళ్ల పుస్తకంలోనే ఉండిపోయాయి. కథ మొదలే కాలేదు. అయినా ఆ వేసవి గురించి ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఆ నలుగురి గురించే.

ఆ ఆటను మా ఇంటికి తెచ్చింది మా బావ, మామయ్య కొడుకు. ఎక్కడో దూరాన ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులున్నాడు. వాళ్ల హాస్టల్లో సీనియర్లు ఏదో విదేశీ పుస్తకానికి జిరాక్సు, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు తీయించి పెట్టుకుని ఒక ఆట ఆడతారట. బోర్డు లేదు, పావులు లేవు. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు.

"గెలిచేదెవరు?" అని అడిగాను.

"ఎవరూ గెలవరు."

"మరి ఓడేది?"

"అదీ లేదు."

"అదేం ఆట? కూచుని కబుర్లు చెప్పుకున్నట్టు గదా?"

"ఆడితే తెలుస్తది," అన్నాడు పెద్ద తెలిసినవాడిలా. గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆయనగారు ఒక్కసారి కూడా ఆడలేదు. మొదటి సంవత్సరం పిల్లల్ని సీనియర్లు ఆటలోకి రానివ్వరు. ఆట మొదలవక ముందు మనుషుల్ని తయారుచేయాలి కదా, ఆ చాకిరీ మాత్రం చేయిస్తారు. అందుకని మా బావకు మనుషుల్ని చేయడం వరకే వచ్చు. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నాకు ఆ తెలియకపోవడమే తెగ నచ్చింది.

ఆయన చెప్పిన నియమాలు మూడు. ఒకటి, ప్రతి మనిషికీ సమానంగా కొన్ని మార్కులిస్తారు, వాటిని బలానికి ఎన్ని, తెలివికి ఎన్ని అని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు పంచుకోవాలి. రెండు, లోకంలో ఏం జరుగుతుందో కథ చెప్పేవాళ్లు చెబుతారు. మూడు, నీ మనిషి ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో నువ్వే చెప్పాలి. ఇంకెవరూ చెప్పకూడదు. కథ చెప్పేవాళ్లు కూడా చెప్పకూడదు. కథ చెప్పేది నేనేనని అప్పటికే నిర్ణయించుకున్నాను కాబట్టి ఈ మూడోది నాకు గొంతులో ముల్లులా అడ్డం పడింది. నా రాజ్యంలో నా మాట చెల్లకపోతే రాజ్యం కట్టడం దేనికి?

బావ వెళ్లిపోయాడు. నేను కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మనిషిని కాగితం మీద ఎలా పెట్టాలి?

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. మా నాన్న దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా ఒక రేకుల పంచలో చిన్న బల్ల వేసుకుని అమ్మకాలకు, తనఖాలకు, భాగపంపకాలకు కాగితాలు రాసేవాడు. ఎనిమిదో తరగతి నుంచీ ఆయన చిత్తు ప్రతులకు శుభ్రంగా నకళ్లు రాసింది నేనే. అందుకని నా కాల్పనిక రాజ్యంలో వీరులందరూ ఇలా పుట్టారు: ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానా వారి కుమారుడు లేదా కుమార్తె లేదా భార్య, వయసు ఇంత, వృత్తి ఇది. ఆ కింద హద్దులు. తూర్పున ఏముంది, దక్షిణాన ఏముంది, పడమట, ఉత్తరాన. పొలానికి హద్దులున్నప్పుడు మనిషికి ఉండవా అని నా వాదన. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త అది. నాన్న అలవాటు కొద్దీ తాలూకా అని రాసి, నాలుక కరుచుకుని, కొట్టేసి, మండలం అని రాస్తూ ప్రభుత్వాన్ని తిట్టేవాడు. ఆయన మీద జాలితో నా రాజ్యంలో తాలూకాలే ఉంచాను.

మార్కులకు చింతపిక్కలు తీసుకున్నాను. వరండాలో మాచర్ల నాపరాళ్లు పరిచి ఉండేవి. వాటి మీద సుద్దముక్కతో ఆరు గడులు గీశాను. బలం, తెలివి, నోరు, చేతిపని, ధైర్యం, ఓపిక. ఒక్కో మనిషికి ఇరవై పిక్కలు. ఎక్కడ ఎన్ని పెడతారో వాళ్లిష్టం. తర్వాత ఏ పని చేయాలన్నా గవ్వలు వేయాలి, గడిలో ఎన్ని పిక్కలుంటే అంత మేలు.

ఎవరు ఎక్కడ పెడతారో చూడడం నాకు పిచ్చిగా పట్టుకుంది. ఇరవై పిక్కలు చేతిలో పోస్తే మనుషులు ఒక్క క్షణం ఆగిపోతారు. ఆ ఆగడం చూడాలి. పెరుగు అమ్మే ఆవిడ తట్ట దించి, గడులన్నీ ఒకసారి చదివించుకుని, "మోకాళ్లకి గడి లేదేందే?" అని అడిగి, లేదంటే బలంలో మొత్తం పోసి, నేను కాగితం తీసేలోపే వెళ్లిపోయింది. అమ్మయితే ఆగను కూడా ఆగలేదు. వంటింట్లోంచి వచ్చి, ఇరవై పిక్కలూ ఓపిక గడిలో ధారగా పోసి, "ఈ ఇంట్లో ఇంకేది పనికొస్తది?" అని మళ్లీ వంటింట్లోకి పోయింది. ఆమెను కూడా ఒక కాగితం మీద రాసుకున్నాను. వృత్తి గడి ఖాళీగా ఉంచి, ఓపిక ఇరవై అని రాశాను. ఆమె నా మొదటి మనిషి.

రెండో మనిషి పక్కింటి నా స్నేహితురాలిది. వాళ్ల నాన్నకు ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆ పిల్ల నాతోపాటే చదివింది, నాకంటే బాగా చదివింది, నాకంటే గట్టిగా పోట్లాడేది. చేతిపనిలో పదకొండు పిక్కలు పెట్టి, వృత్తి దగ్గర "ఇంజన్ మెకానిక్" అని చెప్పింది.

"ఆ రాజ్యంలో ఇంజన్లుండవే," అన్నాను.

"ఎందుకుండవు?"

"గుర్రాలుంటాయి. కత్తులుంటాయి. రెండు తలల తొండ ఉంటది."

"రెండు తలల తొండ ఉంటది గానీ ఐదు హార్సుపవర్ ఇంజన్ ఉండదా? నీళ్లు తోడాలంటే మీ రాజుగారు ఏం చేస్తాడు, కడవెత్తుకుంటాడా?"

అరగంట వాదించుకున్నాం. చివరికి ఇంజన్లు ఇంకా రాలేదు గానీ ఎప్పుడో వస్తాయని ఆమె మనిషి సామాను సంచి సర్దుకుని ఎదురుచూస్తూ ఉంటుందని రాజీపడ్డాం.

మూడో మనిషి మా అత్తది. ఆ అత్త గురించి కాస్త చెప్పాలి.

అత్త నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. గురజాల వైపు ఒక ఊళ్లో ఇచ్చారు. మొగుడు తాగి వచ్చి కొట్టేవాడు. అత్త పుట్టింటికి వచ్చేసేది. కొన్నాళ్లకు ఆ ఊరి పెద్దమనుషులు వచ్చి కూర్చునేవారు. కాస్త ఓపిక పట్టాలమ్మా అనేవారు. అత్త తల వంచుకుని గుమ్మం పక్కన నిలబడి ఉండేది, ఆమె బదులు నాన్న "పంపిస్తాంలెండి" అనేవాడు. ఇకమీదట సఖ్యంగా ఉంటామని ఒక కాగితం రాసుకునేవారు. ఆ కాగితం రాసేది కూడా నాన్నే, అది ఆయన పని కాబట్టి. ఇలా మూడుసార్లు జరిగింది. మూడో కాగితానికి నకలు నేనే రాశాను. దస్తూరి బాగుందని పెద్దమనిషి మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఈసారి అత్త వచ్చి ఆరు నెలలైంది. ఎడమ చెవి సరిగా వినపడకుండా వచ్చింది. వచ్చే ఆదివారం పెద్దమనుషులు వస్తున్నారని కబురొచ్చింది. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడుకోవడం లేదు. నేనైతే నా రాజ్యం గొడవలో పడి ఆ సంగతి ఒక మూలకు నెట్టేశాను.

శుక్రవారం మధ్యాహ్నం అత్త వచ్చి గడుల పక్కన కూర్చుంది. "నాకూ ఇయ్యి," అంది.

పిక్కలు లెక్కపెట్టి ఇచ్చాను. అత్త ఎక్కువసేపు ఆగింది. తర్వాత ఒక్కొక్క పిక్కే, ముగ్గులో చుక్కలు పెట్టినంత జాగ్రత్తగా పెట్టడం మొదలుపెట్టింది. బలంలో నాలుగు. తెలివిలో మూడు. నోరులో ఆరు. నేను, నా స్నేహితురాలు ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అత్త నోట్లోంచి రోజుకు ఆరు మాటలు వస్తే గొప్ప. చేతిపనిలో నాలుగు. ధైర్యంలో మూడు. చేయి ఖాళీ అయింది.

"ఓపికలో ఏం పెట్టలేదత్తా," అన్నాను. మర్చిపోయిందనుకున్నాను.

"సున్నా రాయి."

"సున్నానా?"

"సున్నాకి అంకె లేదా మీ రాజ్యంలో? రాయి."

రాశాను. వృత్తి అడిగాను. పుట్టి నడపడం అంది. ఆమె చిన్నప్పుడు అచ్చంపేట వైపు చుట్టాలింటికి పోయినప్పుడు కృష్ణలో పుట్టి ఎక్కిందట. ఆ గుండ్రటి బుట్టలాంటి పడవను ఒక ఆడమనిషి ఒక్కతే తెడ్డేసుకుంటూ అవతలి ఒడ్డుకు తీసుకుపోయిందట. ఇరవై ఏళ్లుగా అత్త ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు మరి.

"నదిని కొండ మింగేసింది గదత్తా. నీళ్లు లేని చోట పుట్టితో పనేంది?" అని నా స్నేహితురాలు అడిగింది.

"అందుకే గదమ్మా వెతకబోతా. మీకు నది దొరక్కపోయినా ఇల్లుంది. నాకు పనే అది."

నేను తెల్లబోయాను. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నా, వీళ్లంతా ఆ కొండ దగ్గరికి ఎందుకు పోవాలో నాకు తట్టలేదు. అత్తకు పిక్కలు పెట్టినంతసేపట్లో తట్టింది. హద్దులు అడిగితే, మూడు వైపులా నది అంది. నాలుగో వైపు? "చూసి చెప్తా."

నాన్న భోజనానికి వచ్చి కాగితాలు తిరగేశాడు. వృత్తిధర్మం ఊరుకోనివ్వదు కదా, అత్త కాగితం దగ్గర వేలు పెట్టి ఆగాడు. "ఇదేందే, తండ్రి పేరూ లేదు, భర్త పేరూ లేదు. ఇట్టాంటి కాగితం తీసుకపోతే రిజిస్ట్రారు మొహాన కొడతాడు."

"ఈ రాజ్యంలో రిజిస్ట్రార్ని నేనే," అన్నాను.

నాన్న నవ్వాడు. ఇంకా కిందికి చదివాడు. ఓపిక దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. అన్నం తిన్నాక వచ్చి, "నాకూ ఇరవై ఇయ్యండి" అని నాపరాయి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నోరులో ఏడు, తెలివిలో తొమ్మిది, మిగిలిన నాలుగు గడుల్లో ఒక్కొక్కటి. వృత్తి దివాను. ఆయన నా నాలుగో మనిషి.

మర్నాడు శనివారం. కొండకు బయల్దేరే ముందు వీళ్లు ఎండిపోయిన నది ఒడ్డున కలుసుకుని ఒకరితో ఒకరు ఎలా మాట్లాడతారో చూద్దామనుకున్నాను. అమ్మ రానంది. మిగిలిన ముగ్గురూ కూర్చున్నారు. అక్కడే చిక్కొచ్చిపడింది. నాన్నకు తన మనిషి ఒక్కడి తరఫున మాట్లాడడం చేతకాదు. రోజూ అమ్మేవాడి తరఫునా కొనేవాడి తరఫునా సాక్షుల తరఫునా రాసి రాసి ఆయనకు అదే అలవాటు.

"మేమందరం సూర్యోదయానికి బయల్దేరి..." అని మొదలుపెట్టాడు.

"బాబాయ్, మూడో నియమం!" అని అరిచింది నా స్నేహితురాలు. "మీ దివాను బయల్దేరతాడు. మేం వస్తామో రామో మేం చెప్పాలి. ఒక పిక్క తీయండి."

ఆ జరిమానా అప్పటికప్పుడు ఆమె కనిపెట్టింది. నాకు నచ్చింది. ఇతరుల మాట తను చెప్పినవాళ్లకు నోరులోంచి ఒక పిక్క పోవాలి. నాన్న నవ్వుతూ ఒకటి తీశాడు. ఐదు నిమిషాల్లో రెండోది పోయింది, మెకానిక్ దగ్గరి సుత్తి తన గుర్రం మీద వేయించినందుకు. తర్వాత మూడోది, నాలుగోది. పాపం, నిజంగా ప్రయత్నిస్తున్నాడు. నోరు తెరిస్తే "మేము" అనే వస్తోంది.

"సరే, మెకానిక్ సంగతి మెకానిక్ చూసుకుంటది," అన్నాడు చివరికి. "ఈ పుట్టి మనిషి మాత్రం మా వెనకాలే వస్తది, మా మూటలు మోసుకుంటూ."

"పిక్క!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

అత్త మాత్రం ఆటలోనే ఉంది. "దివానుగారూ," అంది, ఎప్పుడూ వినని గొంతుతో. "మీ వెనకాల నేనెందుకొస్తాను? ఎండినా అది నదే. అడుగున గుంట యాడుందో, ఊబి యాడుందో తెలిసింది నాకు. మీరు నా వెనకాల రండి."

నాన్న అత్త వైపు చూశాడు. నేను వరండా అంచున కూర్చుని నాన్ననే చూస్తున్నాను. చెల్లెలి మొహం కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తర్వాత తనే ఐదో పిక్క తీసేశాడు. నోరులో రెండు మిగిలాయి.

"రేపు జనం వస్తారు, ఊడ్చాలి, తీయండి ఇయన్నీ," అని అమ్మ చీపురుతో వచ్చింది. ఎవరి పిక్కలు వాళ్లు దాచుకున్నాం. అత్త ఒక మసాలా డబ్బాలో పోసుకుంది. నాన్న మిగతావి నాకిచ్చేసి, నోరులో మిగిలిన ఆ రెండూ చొక్కా జేబులో కలం పక్కన వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. అత్త మొగుడు రాలేదు. వచ్చినవాళ్లలో పెద్దాయన అతనికి వరసకు చిన్నాన్న, కిందటి మూడుసార్లూ వచ్చింది ఆయనే. అమ్మ వరండా కడిగినా సుద్దగీతలు పూర్తిగా పోలేదు. ఆ గడుల మీదే కుర్చీలు వేశారు. నేను, నా స్నేహితురాలు గోడకు ఆనుకుని నిలబడ్డాం. అత్త గుమ్మం పక్కన, ఎప్పటి చోట్లోనే ఉంది. వారం రోజులుగా మూలకు నెట్టేసినదంతా ఒక్కసారిగా మీద పడింది.

"వాడు తప్పు చేశాడు, కాదనను," అన్నాడు పెద్దాయన. "ఇంక చెయ్యి ఎత్తడు, నాదీ పూచీ. ఆడపిల్ల ఎన్నాళ్లు పుట్టింట్లో ఉంటది? నువ్వు కాగితం రాయి, ఈ సాయంత్రానికి బండిలో పంపించు. ఏమంటావ్?"

ఆ ప్రశ్న నాన్నకు. నాన్న నోరు తెరిచాడు. ఆ మాట వచ్చేస్తుందని నాకు తెలుసు, "పంపిస్తాంలెండి" అన్న మాట. నా స్నేహితురాలు నా చేయి గట్టిగా పట్టుకుంది. నాన్న చేయి కలం కోసం జేబులోకి పోయింది. అక్కడే ఆగిపోయింది. అంతసేపు ఏం తడుముకుంటున్నాడో మా ఇద్దరికీ తెలుసు.

"దాని మాట నేను చెప్పకూడదండీ," అన్నాడు. "దాన్నే అడగండి."

"అదేందయ్యా, కొత్తగా?"

"అడగండి."

పెద్దాయన చిరాగ్గా అత్త వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇంకాస్త ఓపిక పట్టలేవా? నీ ఈడు పిల్లలు ఎంత మంది పట్టటంలా?"

అత్త తల ఎత్తింది.

"లేదు మామయ్యా," అంది. "నా దగ్గర ఒక్క పిక్క కూడా లేదు. నేను రాను."

ఆయనకు పిక్క ఏమిటో అర్థం కాలేదు. రాను అన్నది మాత్రం అర్థమైంది. మొహం ఎర్రబడి నాన్న మీద ఎగిరాడు. "ఆడది మాట్టాడతంటే నువ్వట్టా కూచుంటావేందయ్యా? చెప్పవేం?"

"నా వంతు కాదండీ," అన్నాడు నాన్న.

అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగకుండానే వాళ్లు లేచిపోయారు. వీధి చివరి దాకా ఆయన గొంతు వినిపించింది. నాన్న కుర్చీలు పక్కకు జరిపి కింద కూర్చున్నాడు. జేబులోంచి ఆ రెండు చింతపిక్కలు తీసి అత్త ముందు పెట్టాడు.

"ఇయ్యి కూడా నువ్వే ఉంచుకో," అన్నాడు. రెండింటినీ ఆమె వైపు ఇంకాస్త జరిపాడు. మూడు కాగితాలు రాసిన చేయి అది.

అత్త లోపలికి పోయి మసాలా డబ్బా తెచ్చింది. మాసిపోయిన గడుల్లో ఎక్కడివక్కడ మళ్లీ పేర్చింది, ఒక్కటి కూడా తేడా రాకుండా. నాన్న ఇచ్చిన రెండూ చేతిలో పట్టుకుని ఆగింది. ఎక్కడ పెడుతుందా అని నేను చూశాను. నోరులో పెడుతుందనుకున్నాను. ధైర్యంలో పెడుతుందనుకున్నాను.

రెండూ ఓపికలో పెట్టింది.

"నదిని వెతకాలంటే చానా రోజులు పట్టుద్ది గదన్నయ్యా," అంది.

నేను లెక్కపెట్టాను, అలవాటు. ఇరవై రెండయ్యాయి. ఎవరికైనా ఇరవైకి మించి ఉండకూడదని నియమం రాసింది నేనే. కాగితం తీసి సున్నా కొట్టేసి రెండు అని రాశాను, రిజిస్ట్రార్ని నేనే కదా.